కథ కూడా అమానతే
ఇమామ్ ఇబ్నుల్ జౌజీ (రహ్మ) జీవిత విశేషాలు

అల్లాహ్ మానవుల మార్గదర్శనం కోసం అవతరింపజేసిన దివ్య ఖుర్ఆన్‌లో ఆజ్ఞలు ఉన్నాయి, నిషేధాలు ఉన్నాయి, శుభవార్తలు, హెచ్చరికలు ఉన్నాయి. వాటితోపాటు దైవప్రవక్తల వృత్తాంతాలు, గతించిన జాతుల గాథలు కూడా ఎంతో విస్తారంగా ఉన్నాయి. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలామ్) వృత్తాంతాన్ని అల్లాహ్ అత్యుత్తమమైన గాథగా పేర్కొన్నాడు. అదే సూరా చివరన, ఈ గాథల్లో బుద్ధిమంతులకు గుణపాఠం ఉందని, ఇది కల్పించి చెప్పిన మాట కాదని స్పష్టం చేశాడు. అంటే మంచి కథకు రెండు లక్షణాలు ఉండాలి. అది నిజమై ఉండాలి. విన్నవారిని మార్చేదై ఉండాలి.

కథకు ఎంత బలం ఉందో మన నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల వారికి వేరే చెప్పనక్కరలేదు. కుందూ నది పారే ఈ రేనాటి గడ్డ మీద ఇద్దరి వృత్తాంతాలు తరతరాలుగా నోటిమాటగా, పాటగా నడిచి వచ్చాయి. ఒకరు కంపెనీ ప్రభుత్వాన్ని ఎదిరించి 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. మరొకరు అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి. 1866లో కరువు విరుచుకుపడినప్పుడు ఆయన తన గాదెలు తెరిచి, ఆకలితో వచ్చిన వేలాది మందికి గంజి పోయించారు. ఆ సేవకు మెచ్చి విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. అయితే ఆయన పేరును జనం నాలుక మీద నిలిపింది ఆ పతకం కాదు, ఊరూరా తిరిగిన పాటగాళ్ళు. ఇద్దరినీ కలిపి రేనాటి సూర్యచంద్రులని జనం చెప్పుకుంటారు. అక్షరం ముక్క రానివాడికి కూడా ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టాలన్న నీతిని ఆ పాట నేర్పింది.

కథ చేసే మేలు ఇది. కానీ ఇదే బలం చెడుకూ పనికి వస్తుంది. అబద్ధాన్ని కూడా కథ అందంగా మోసుకుపోతుంది. ముఖ్యంగా ధర్మం పేరుతో చెప్పే కథలో అబద్ధం చేరితే, విన్నవాడు దాన్నే ధర్మమనుకుని జీవితాంతం పట్టుకుంటాడు. కథలోని మేలును, కీడును రెండింటినీ క్షుణ్ణంగా పరిశీలించి, కథ చెప్పడాన్ని ఒక శాస్త్రంగా చూసి, దాని మీద ప్రత్యేకంగా గ్రంథం రాసిన మహాపండితుడు ఇమామ్ ఇబ్నుల్ జౌజీ (రహ్మ). ఎనిమిది వందల ఏళ్ళ క్రితం బాగ్దాద్‌లో జీవించిన ఆయన తానే గొప్ప ఉపన్యాసకుడు. అందుకే ఆయన జీవితం మనకు ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది.

తండ్రి లేని బాల్యం

ఆయన పూర్తి పేరు అబుల్ ఫరజ్ అబ్దుర్రహ్మాన్ బిన్ అలీ. హిజ్రీ 510 ప్రాంతంలో, అంటే సుమారు క్రీ.శ. 1116లో బాగ్దాద్‌లో జన్మించారు. ఆయన వంశం హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) గారిది. కుటుంబం వారు రాగి వ్యాపారం చేసేవారు. ఆయనకు సుమారు మూడేళ్ళ వయసులోనే తండ్రి చనిపోయారు. అప్పుడు మేనత్త ఆయన్ని చేరదీసి పెంచింది. పిల్లవాడికి చదువు వయసు రాగానే ఆమె స్వయంగా మస్జిదుకు తీసుకువెళ్ళి, హదీసు పండితుడైన అబుల్ ఫజ్ల్ ఇబ్ను నాసిర్ గారికి అప్పగించింది. ఆ మేనత్త ఆ రోజు వేసిన అడుగు నుంచి ఎంత జ్ఞానం పుట్టిందో చూస్తే, ఇంటి స్త్రీలు పిల్లల చదువు పట్ల చూపే శ్రద్ధ విలువ ఏమిటో అర్థమవుతుంది.

తండ్రి సంపన్నుడే అయినా, ఆయన యుక్తవయసుకు వచ్చేసరికి ఆస్తి అంతా ఇదేనంటూ ఇరవై దీనార్లు, రెండు ఇళ్ళు మాత్రం చేతిలో పెట్టారు. ఆ దీనార్లతో ఆయన పుస్తకాలు కొన్నారు. ఇళ్ళు అమ్మి ఆ సొమ్మును విద్యార్జనకు ఖర్చు పెట్టారు. హదీసు పాఠాలకు వెళ్ళేటప్పుడు ఎండిపోయిన రొట్టెలు మూటగట్టుకుని, ఈసా కాలువ ఒడ్డున కూర్చుని నీళ్ళతో తడుపుకుంటే తప్ప మింగుడు పడేవి కావట. తోటి పిల్లలు ఆటల్లో ఉంటే ఆయన చదువులో ఉండేవారు. విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే ఇరవై వేల సంపుటాలు చదివానని తర్వాతి కాలంలో రాసుకున్నారు. ఇబ్ను నాసిర్ వద్ద హదీసు, ఇబ్నుజ్జాగూనీ వద్ద ఫిఖహ్, ఉపన్యాస కళ, జవాలీఖీ వద్ద అరబీ భాషా శాస్త్రం నేర్చుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన ముందు చెప్పడం నేర్చుకుని తర్వాత చదువుకున్నవారు కాదు. చదువు ముందు నడిచింది, నాలుక దాని వెనుక నడిచింది.

జనసముద్రం ముందు

హిజ్రీ 527లో గురువు ఇబ్నుజ్జాగూనీ మరణించారు. ఆయన స్థానంలో ఉపన్యసించే అవకాశం తనకివ్వమని ఇబ్నుల్ జౌజీ కోరారు. అప్పటికి ఆయన పదిహేడేళ్ళ కుర్రవాడు. వయసు చాలదని ఆ స్థానాన్ని మరొకరికి ఇచ్చారు. తర్వాత ఆయన మాట తీరు చూశాక మన్సూర్ జామె మస్జిదులో ఉపన్యసించేందుకు అనుమతి లభించింది. అక్కడి నుంచి ఆయన కీర్తి బాగ్దాద్ అంతటా పాకింది. ధర్మనిష్ఠ గల మంత్రి ఇబ్ను హుబైరా ఆయన్ని ఆదరించి, తన ఇంట్లో ఉపన్యాస సభలు జరిపించారు. ఖలీఫా ముస్తజీ కాలంలో (1170-1180) ఖలీఫా స్వయంగా తెర వెనుక కూర్చుని వినేవారు. ఒక దశలో బాగ్దాద్‌లోని ఐదు మదరసాలు ఆయన ఆధ్వర్యంలో నడిచాయి.

అందలుస్ నుంచి హజ్ యాత్రకు వచ్చిన ఇబ్ను జుబైర్ హిజ్రీ 580లో (క్రీ.శ. 1184) బాగ్దాద్ చేరి ఆ సభలను కళ్ళారా చూశారు. తన యాత్రా గ్రంథంలో ఆయన వర్ణించిన ప్రకారం, సభ మొదట్లో ఇరవై మందికి పైగా ఖారీలు కూర్చుని వేర్వేరు సూరాల నుంచి ఆయతులు వంతులవారీగా పఠించేవారు. తర్వాత ఇబ్నుల్ జౌజీ లేచి, వారు చదివిన ఆయతులనే అదే వరుసలో తన ప్రసంగంలో అల్లుకుంటూ పోయేవారు. జనం వెక్కి వెక్కి ఏడ్చేవారు. పశ్చాత్తాపపడినవారు దీపం చుట్టూ మూగే పురుగుల్లా ఆయన చుట్టూ చేరేవారు. చీటీల మీద వచ్చిన ప్రశ్నలకు అక్కడికక్కడే సమాధానాలిచ్చేవారు. ఆయన చేతుల మీదుగా లక్ష మందికి పైగా తౌబా చేశారని జీవితచరిత్రకారులు రాశారు.

పాలకుడి ముందు చెప్పిన కథ

కథ సమాజానికి ఎలా మేలు చేస్తుందో తెలిపే ఒక ఘటన ఆయన జీవితంలోనే ఉంది. ఒకరోజు ఖలీఫా ముస్తజీ వింటుండగా ఆయన ఉపన్యసిస్తున్నారు. పాలకుణ్ణి నేరుగా నిందిస్తే ప్రాణభయం. మౌనం వహిస్తే ఆ పాలకుడి పరలోకం ఏమవుతుందోనన్న భయం. తన భయం కంటే ఖలీఫా పరలోకమే ముఖ్యమనుకుంటున్నానని ముందే చెప్పి, ఆయన రెండు చిన్న గాథలు వినిపించారు.

మొదటిది హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలామ్) గారిది. ఈజిప్టు ధాన్యాగారాలన్నీ చేతిలో ఉన్నా, కరువు కాలంలో ఆయన కడుపు నిండా తినేవారు కాదట. తాను తృప్తిగా తింటే ఆకలిగొన్నవారిని మరచిపోతానేమోనని ఆయన భయం. రెండవది హజ్రత్ ఉమర్ (రజి) గారిది. హిజ్రీ 18లో అరేబియాలో కరువు వచ్చింది. గాలికి బూడిదలాంటి దుమ్ము లేచిన ఆ ఏడాదికి రమాదా సంవత్సరమని పేరు. ప్రజలందరికీ తిండి దొరికేదాకా తాను నెయ్యి ముట్టనని ఉమర్ (రజి) ప్రతిన పూనారు. ఆకలికి కడుపు శబ్దం చేస్తుంటే, ఎంత గొడవ చేసినా నీకు నెయ్యి దొరకదని తన కడుపుతోనే చెప్పారు.

ఈ రెండు గాథలు విన్న ఖలీఫా పెద్ద మొత్తంలో దానధర్మాలు చేయించారని, చెరసాలల్లో ఉన్నవారిని విడుదల చేయించారని చరిత్రకారులు రాశారు.

ఇందులోని కిటుకు గమనించండి. ఇబ్నుల్ జౌజీ ఖలీఫాను లోభి అనలేదు, కఠినాత్ముడు అనలేదు. ఆయన ముందు అద్దం పెట్టి ఊరుకున్నారు. నిందిస్తే మనిషి తనను తాను సమర్థించుకుంటాడు. కథ వింటే తనను తాను కొలుచుకుంటాడు. కొలతలో తక్కువైతే సిగ్గుపడతాడు. ఆ సిగ్గు నుంచే మంచి పని పుడుతుంది. వెంగళరెడ్డి పాట విన్న రేనాటి రైతు కూడా తన గాదె వంక ఒకసారి చూసుకోక తప్పదు కదా!

కథకుల కోసం ఒక గ్రంథం

ఇబ్నుల్ జౌజీ (రహ్మ) కొన్ని వందల గ్రంథాలు రాశారు. ఖుర్ఆన్ వ్యాఖ్యానం జాదుల్ మసీర్, చరిత్ర గ్రంథం అల్ ముంతజమ్, పుణ్యపురుషుల జీవితాలు తెలిపే సిఫతుస్సఫ్వా, షైతాన్ పన్నాగాలను బయటపెట్టే తల్బీసె ఇబ్లీస్, ఆలోచనల సంకలనం సైదుల్ ఖాతిర్ వాటిలో ప్రసిద్ధమైనవి. తెలివైనవారి ముచ్చట్లతో ఒక పుస్తకం, మూర్ఖుల ముచ్చట్లతో మరో పుస్తకం కూడా రాశారు. నవ్వించి కూడా బుద్ధి చెప్పవచ్చని ఆయనకు తెలుసు.

మన విషయానికి అన్నిటికంటే దగ్గరైనది కితాబుల్ ఖుస్సాస్ వల్ ముజక్కిరీన్, అంటే కథకులు, హితబోధకుల గురించిన గ్రంథం. అందులో ఆయన మూడు పనులను వేరు చేసి చూపారు. గతించినవారి వృత్తాంతాలు చెప్పడం ఖసస్. అల్లాహ్ అనుగ్రహాలను జ్ఞాపకం చేసి కృతజ్ఞత కలిగించడం తజ్కీర్. మనసు కరిగేలా భయభక్తులు కలిగించడం వాజ్. మూడూ అవసరమే. ఫిఖహ్ పండితుడి మాట కొద్దిమంది విద్యార్థులకే చేరుతుంది, హితబోధకుడి మాట సామాన్య జనమందరికీ చేరుతుంది. కాబట్టి ఈ పని వల్ల కలిగే లాభం పెద్దది, నష్టం కూడా పెద్దదేనని ఆయన అభిప్రాయం.

ఈ పనికి మూలం ప్రవక్త (స) సహచరుల కాలంలోనే ఉందని ఆయన చూపారు. మస్జిదులో ప్రజలకు హితబోధ చేసేందుకు హజ్రత్ తమీమ్ దారీ (రజి) ఖలీఫా ఉమర్ (రజి) గారిని అనుమతి అడిగారు. ఉమర్ (రజి) మొదట ఒప్పుకోలేదు. తర్వాత అనుమతించారు. అనుమతి అడగడంలోనూ, వెంటనే ఇవ్వకపోవడంలోనూ ఈ పని ఎంత బాధ్యతతో కూడినదో తెలుస్తోంది.

కథకుడికి ఉండవలసిన అర్హతలను కూడా ఆయన వివరించారు. ఖుర్ఆన్ అర్థం తెలియాలి. సరైన హదీసు ఏదో, బలహీనమైనది ఏదో, కల్పితం ఏదో విడదీయగలగాలి. చరిత్ర, ఫిఖహ్, భాష తెలియాలి. చెప్పింది ముందు తాను ఆచరించాలి. జనం జేబుల వంక చూడకూడదు. తన కాలంలోని నకిలీ కథకుల వేషాలనూ ఆయన దాచలేదు. కొందరు నిత్యం ఉపవాసాలుండి పాలిపోయినట్లు కనిపించడానికి ముఖానికి రంగు పూసుకునేవారు. కొందరు కన్నీళ్ళు తెప్పించే వస్తువులు దగ్గర పెట్టుకునేవారు. ఇంకొందరు దైవప్రవక్తల మీదనే తప్పుడు కథలు చెప్పి జనాన్ని రంజింపజేసేవారు.

ఆయన ఉల్లేఖించిన ఒక వృత్తాంతం ప్రసిద్ధం. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్, యహ్యా బిన్ మయీన్ (రహ్మలైహిమా) బాగ్దాద్‌లోని రుసాఫా మస్జిదులో నమాజు చేశారు. అక్కడ ఒక కథకుడు లేచి, వీరిద్దరి పేర్లూ చెప్పి వారి ద్వారా తనకు చేరిందంటూ, బంగారు ముక్కు గల పక్షుల గురించి ఒక కల్పిత హదీసు వినిపించాడు. సభ ముగిశాక యహ్యా అతన్ని పిలిచి, ఆ ఇద్దరం మేమే, మేమెన్నడూ ఇది చెప్పలేదే అని నిలదీశారు. అతను తొణకలేదు. లోకంలో ఆ పేర్లు గలవారు మీరిద్దరేనా, నేను పదిహేడు మంది అహ్మద్ బిన్ హంబల్‌ల దగ్గర రాసుకున్నానని ఎదురు తిరిగాడు. విచిత్రమేమంటే, తర్వాతి తరం హదీసు పండితుడు ఇమామ్ జహబీ (రహ్మ) ఈ వృత్తాంతం సనదునే శంకించారు. అబద్ధపు కథల మీద హెచ్చరించే కథను కూడా పండితులు వదిలిపెట్టక జల్లెడ పట్టారన్నమాట.

కల్పిత హదీసుల మీద ఇబ్నుల్ జౌజీ అల్ మౌజూఆత్ అనే పెద్ద గ్రంథం కూడా రాశారు. అందులో కొన్ని సరైన హదీసులను సైతం కల్పితాలుగా లెక్కించారని, మరోవైపు తన హితబోధ గ్రంథాల్లో కొన్ని బలహీన హదీసులకు చోటిచ్చారని తర్వాతి పండితులు విమర్శించారు. అంతటి పండితుడికే పొరపాట్లు తప్పలేదంటే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

ఇంట్లో ఎదురైన పరీక్ష

వేలమంది హృదయాలను కదిలించిన ఆ మహనీయుడికి ఇంట్లోనే ఒక పరీక్ష ఎదురైంది. ఆయనకు పదిమంది సంతానం. చాలామంది చిన్నతనంలోనే చనిపోయారు. ఒక దశలో కొడుకుల్లో అబుల్ ఖాసిమ్ అలీ ఒక్కడే మిగిలాడు. అతనిలో విద్య పట్ల బద్ధకం చూసి తండ్రి మనసు కలతచెందింది. అప్పుడు ఆయన లఫ్తతుల్ కబిద్ అనే చిన్న పుస్తకాన్ని ఉత్తరంలా రాసి ఇచ్చారు. అందులో ఎక్కువగా కనిపించేది ఆజ్ఞలు కావు, తన కథ. తండ్రి లేని బాల్యం, అమ్మేసిన ఇళ్ళు, చదువు ఇచ్చిన గౌరవం, కాలం విలువ.

అయినా అతను దారికి రాలేదు. తండ్రి దూరంగా ఉన్న రోజుల్లో ఆయన పుస్తకాలనే కారుచవకగా అమ్ముకున్నాడని చరిత్రకారులు రాశారు. హిదాయత్ ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. ప్రవక్త నూహ్ (అలైహిస్సలామ్) గారి కొడుకు కూడా ఓడ ఎక్కలేదు. చెప్పడం వరకే మన బాధ్యత. అయితే ఆ ఉత్తరం వృథా కాలేదు. ఈనాటికీ ఎందరో తండ్రులు తమ పిల్లల చేత దాన్ని చదివిస్తున్నారు.

ఎనభయ్యో పడిలో ప్రవాసం

ఖలీఫా నాసిర్ కాలంలో పరిస్థితులు తారుమారయ్యాయి. ప్రత్యర్థులు ఆయన మీద పాలకులకు ఫిర్యాదులు చేశారు. హిజ్రీ 590లో (క్రీ.శ. 1194) ఆయన్ని ఇంటి నుంచి తీసుకుపోయి, పడవ ఎక్కించి వాసిత్ నగరానికి తరలించి, అక్కడ ఒక ఇంట్లో నిర్బంధించారు. అప్పటికి ఆయన వయసు ఎనభైకి దగ్గరగా ఉంది. ఖలీఫాలు వినడానికి వచ్చిన ఆ మనిషి తన బట్టలు తానే ఉతుక్కుని, తన వంట తానే వండుకుని ఐదేళ్ళు గడిపారు. ఆ వయసులో, ఆ స్థితిలో ఆయన చేసిన పని ఏమిటో తెలుసా? ఒక ఖారీ వద్ద శిష్యుడిగా కూర్చుని పది ఖిరాఅత్‌లు నేర్చుకున్నారు.

ఆయన చిన్న కుమారుడు యూసుఫ్ అప్పటికి చిన్నవాడే అయినా తండ్రి బాటలో ఉపన్యాసకుడయ్యాడు. అతని ద్వారా విషయం ఖలీఫా తల్లికి చేరింది. ఆమె సిఫారసుతో హిజ్రీ 595లో ఆయనకు విడుదల లభించింది. ఒక కొడుకు పుస్తకాలు అమ్ముకుంటే, మరో కొడుకు తండ్రికి స్వేచ్ఛ తెచ్చిపెట్టాడు.

బాగ్దాద్ తిరిగి వచ్చాక ఆయన మళ్ళీ ఉపన్యాసాలు మొదలుపెట్టారు. హిజ్రీ 597 రమజాన్ నెలలో (క్రీ.శ. 1201) కొద్దిరోజుల అస్వస్థత తర్వాత కన్నుమూశారు. ఆ రోజు బాగ్దాద్ బజార్లు మూతపడ్డాయి. జనాజాకు జనం పోటెత్తారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) సమాధి ఉన్న బాబె హర్బ్ శ్మశానవాటికలో ఆయన్ని ఖననం చేశారు. హదీసులు రాయడానికి చెక్కిన కలాల పొట్టును ఆయన దాచి ఉంచారని, ఆ పొట్టుతోనే తన చివరి స్నానానికి నీళ్ళు కాచమని కోరారని, అలా కాచాక ఇంకా కొంత పొట్టు మిగిలిందని చెబుతారు. చరిత్రకారుడు ఇబ్ను ఖల్లికాన్ దీన్ని రాస్తూ, ఇలా చెబుతారని మాత్రమే రాశారు. తెలిసినంతవరకే చెప్పడం అంటే అదే.

మనం నేర్చుకోవలసింది

నంద్యాల, ఆళ్ళగడ్డ, చుట్టుపక్కల పల్లెల్లో తెలుగే ఇంటి భాషగా గల ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఉర్దూ బయాన్ పూర్తిగా అర్థం కాని పిల్లలు మన ఇళ్ళల్లో ఉన్నారు. వారి మనసులు ఖాళీగా ఉండవు. మనం చెప్పకపోతే టీవీ చెబుతుంది, సెల్‌ఫోన్ చెబుతుంది. కనుక రాత్రి భోజనాలయ్యాక ఒక పావుగంట తెలుగులోనే పిల్లలకు ప్రవక్తల గాథ, సహాబాల గాథ ఒకటి వినిపించే అలవాటు చేసుకోవాలి. ఈ పనికి తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలను మించినవారు లేరు. మన గడ్డ మీద జరిగిన మంచిని కూడా చెప్పాలి. ఉయ్యాలవాడలో పోసిన గంజి గురించి వింటే, జకాత్, సదఖా అన్న మాటలు పిల్లలకు పుస్తకంలోని పదాలుగా కాక పక్క ఊరిలో జరిగిన పనిగా కనిపిస్తాయి. ఇస్లాంకు ముందు కాలపు దాత హాతిమ్ తాయీ కుమార్తె బందీగా వచ్చినప్పుడు మహాప్రవక్త (స) ఆమె తండ్రి ఔదార్యాన్ని మెచ్చుకుని ఆమెను గౌరవంగా విడుదల చేశారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. మంచి ఎవరిలో ఉన్నా గుర్తించడం ఆయన సంప్రదాయం.

అదే సమయంలో ఇబ్నుల్ జౌజీ పట్టిన జల్లెడను మనమూ పట్టాలి. ఈ రోజుల్లో రుసాఫా మస్జిదు కథకుడు మన చేతిలోని ఫోన్లోనే ఉన్నాడు. ఫలానా దుఆ పది మందికి పంపితే శుభవార్త వస్తుందని, పంపకపోతే నష్టమని, దైవప్రవక్త (స) పేరు చెప్పి వచ్చే సందేశాలు ఎన్నో. తన మీద తెలిసి అబద్ధం కల్పించేవాడి నివాసం నరకమని ప్రవక్త (స) హెచ్చరించారు. విన్నదంతా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని కూడా బోధించారు. కాబట్టి ఇతరులకు పంపే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది ఏ గ్రంథంలో ఉంది? తెలిసిన ఆలిమ్ ఎవరినైనా అడిగానా? ఇది విన్నవాడు లేచి ఏ మంచి పని చేస్తాడు? జవాబు దొరకకపోతే ఆ కథను మన దగ్గరే ఆపేద్దాం.

కథ మన సొత్తు కాదు. ముందు తరం మనకు అప్పగించిన అమానత్. కల్తీ చేయకుండా తర్వాతి తరానికి అందించడం మన విధి. అల్లాహ్ మన నాలుకలకు సత్యాన్ని, మన చెవులకు వివేకాన్ని, మన పిల్లల హృదయాలకు మంచి గాథల వెలుగును ప్రసాదించుగాక! ఆమీన్.